కాలువ కట్ట మీద మారథాన్: నెల్లూరు, ప్రకాశం జిల్లాల రన్నర్లకు

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన ఈ దూరమే 1921లో ప్రామాణికంగా ఖాయమైంది. దూరం ఎక్కడైనా ఒకటే గానీ, దానికి తయారయ్యే పద్ధతి ఊరిని బట్టి మారుతుంది. నెట్‌లో దొరికే ప్లాన్లు చాలావరకు చలిదేశాల వాతావరణానికి రాసినవి. అక్కడ ఆకులు రాలే అక్టోబరులో, పట్టాలు తీసేసిన పాత రైలు కట్టల మీద, రెండువైపులా చెట్ల మధ్య చిన్న ఊళ్ల మారథాన్లు జరుగుతాయి. మనకు అక్టోబరు, నవంబరు అంటే ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. అందుకని ఇక్కడ పోటీ జనవరి ఆఖరి ఆదివారం అనుకుని, లెక్క అక్కడి నుంచి వెనక్కి వేసుకోవాలి.

రైలు కట్టకు మన దగ్గర సాటి వచ్చేది కాలువ కట్ట. పెన్నా డెల్టా కాలువల గట్లు, దర్శి వైపు సాగర్ కాలువ కట్టలు, తీరం పొడుగునా సరుగుడు తోటల మధ్య గ్రావెల్ బాటలు అన్నీ ఆ కోవవే: చదును, కొంచెం మెత్తన, అక్కడక్కడా నీడ, లారీల బెడద లేదు. రైలు నడిచే లైను పక్కన మాత్రం పరిగెత్తొద్దు. ప్రమాదం సంగతి సరే, రైల్వే చట్టం ప్రకారం అది నేరం కూడా. గుంటూరు–గుంతకల్లు మీటర్ గేజ్ లైనును బ్రాడ్ గేజ్ చేసినప్పుడు నల్లమలలో వదిలేసిన పాత కట్ట ఫొటోల్లో ఊరిస్తుంది గానీ, అది పులులు తిరిగే అడవి. అనుమతి లేకుండా అడుగు పెట్టే చోటు కాదు.

చదును దారి చేసే మోసం

ఎత్తుపల్లాలు లేవు కాబట్టి సులువని అందరూ అనుకుంటారు. ఎక్కేటప్పుడు తొడ వెనక కండరాలు, పిరుదులు ఎక్కువ పనిచేస్తాయి, దిగేటప్పుడు తొడ ముందు భాగం. అలా భారం మారుతూ ఉంటే ఒకదానికి పనిపడినప్పుడు ఇంకోదానికి విరామం దొరుకుతుంది. కట్ట మీద ఆ మార్పు ఉండదు. మొదటి కిలోమీటరులో వేసిన అడుగే నలభై రెండో కిలోమీటరు దాకా, సుమారు నలభై వేల సార్లు, అవే కండరాల మీద. పాతిక కిలోమీటర్లు దాటాక పిక్కలు, తుంటి ముందు భాగం బిగుసుకుపోయేది ఇందుకే.

దీనికి మందు తేలిక. మొదటి నుంచీ ప్రతి 4 కిలోమీటర్లకు ఒక నిమిషం చురుగ్గా నడవండి. కాళ్లు పట్టేశాక నడిచేది విశ్రాంతి కాదు, లొంగుబాటు. ఒంట్లో ఓపిక ఉండగానే నడవాలి. నీళ్లు తాగే చోటే ఈ నడక పెట్టుకుంటే గుటక పొలమారదు, టైమూ పెద్దగా పోదు. వారంలో ఒకరోజు ఫ్లైఓవరో, చెరువు కట్ట ఎక్కే వాలో చూసుకుని 6 నుంచి 8 సార్లు ఎక్కి దిగండి. పోటీ చదునుగానే ఉన్నా ఈ బలం చివరి పది కిలోమీటర్లలో అక్కరకొస్తుంది.

రెండో మోసం వాలు. కట్ట నడిమధ్య కాస్త ఎత్తుగా ఉండి, నీళ్లు జారిపోయేలా అంచుల వైపు వాలుతుంది. ఒకే అంచున రెండు గంటలు పరిగెత్తితే ఒక కాలు కిందికి, ఇంకోటి పైకి పడుతుంది. మోకాలి బయటివైపు నొప్పి మొదలయ్యేది ఇలాగే. దారి ఖాళీగా ఉన్నంతసేపు నడిమధ్యనే ఉండండి. కుదరకపోతే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే అంచున రండి, ఏ అంచైతే కాలువ వైపో ఆ అంచు. తిరిగొచ్చేటప్పుడు వాలు రెండో కాలికి మారి లెక్క సరిపోతుంది.

సరుగుడు తోటల్లో ఇంకోటి ఉంది. రాలిన సరుగుడు ఆకు పరుపులా మెత్తగా ఉంటుంది, కింద ఏముందో కనపడదు. గోళీ అంత కాయలు మడమ కింద పడి దొర్లుతాయి, చీలమండ మెలితిరుగుతుంది. వాన పడ్డాక ఆ ఆకే జారుతుంది. కాలు ఎత్తి ఎత్తి వేయడం కాదు, అడుగు చిన్నది చేసుకోవాలి. నిమిషానికి 170కి అటూ ఇటూ చిన్న అడుగులు పడుతుంటే ఒక కాయ కింద పడినా ఒంటి బరువంతా దాని మీద మోపే లోపే రెండో కాలు నేల మీదకొస్తుంది. గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్లు షూ అడుగు నురగను దూసుకుని పైకి వస్తాయి. ఇంటికి రాగానే షూ తిరగేసి చూసి, దిగిన ముల్లు పట్టకారుతో లాగేయండి. వదిలేస్తే మర్నాడు అది పాదం దాకా వస్తుంది.

పద్దెనిమిది వారాలు

మొదలుపెట్టే ముందు ఆగకుండా 10 కిలోమీటర్లు పరిగెత్తగలగాలి, వారానికి మూడు రోజుల చొప్పున కనీసం మూడు నెలల అలవాటు ఉండాలి. అది లేకపోతే ఈ ఏడు హాఫ్ మారథాన్ చేయండి, తప్పేం లేదు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లున్న వాళ్లు డాక్టరుకు చూపించుకుని దిగాలి.

సెప్టెంబరు ఆఖరి ఆదివారానికి అటూ ఇటూగా మొదలు. ఆదివారాల లాంగ్ రన్లు కిలోమీటర్లలో వరుసగా ఇవి: 12, 14, 16, 12, 18, 20, 15, 22, 24, 17, 26, 20, 29, 18, 32, 20, 13, ఆపై పోటీ. నడుమ తగ్గినవి పొరపాటు కాదు. కండరం బలపడేది పరుగులో కాదు, ఆ తగ్గించిన వారంలో. ఏ లాంగ్ రన్ అయినా మూడున్నర గంటలు దాటితే, దూరం పూర్తి కాకపోయినా ఆపేయండి. ఆ తర్వాత పరిగెత్తినదానికి వచ్చే లాభం కన్నా కోలుకోవడానికి పోయే రోజులే ఎక్కువ.

వారం మధ్యలో మంగళ, శుక్రవారాలు 6 నుంచి 8 కిలోమీటర్లు, బుధవారం 10తో మొదలై 14 దాకా. మొత్తం వారానికి 35తో మొదలై 60 దగ్గర ఆగుతుంది. వీటిలో పదింట ఎనిమిది వంతులు పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత నెమ్మదిగా సాగాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నెమ్మది రోజున వేగంగా, వేగం రోజున అలసటగా పరిగెత్తి రెంటికీ చెడతారు.

నవంబరు వానలు ప్లానును తప్పకుండా చెడగొడతాయి. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు దగ్గర జాతీయ రహదారి, రైలు మార్గం రెండూ తెగిపోయాయి. అలాంటి వారంలో కాలువ కట్ట ఎక్కడం సాహసం కాదు, బుద్ధి లేకపోవడం. ఒక వారం పోతే దాన్ని మరిచిపోయి తర్వాతి వారం అంకెతోనే సాగండి, పోయిన దూరాన్ని దానికి కలపొద్దు. వరుసగా రెండు వారాలు పోతే ఒక మెట్టు వెనక్కి దిగండి. మూడు పోతే పోటీ దూరం మార్చుకోండి. వాన తగ్గాక నల్లరేగడి దారులు రెండు మూడు రోజులు వదిలేయాలి. మట్టి అంటుకుని ఒక్కో షూ ఇటుక బరువెక్కుతుంది, తుంటి కండరాలు దానికి సిద్ధంగా ఉండవు. ఆ రోజులకు ఊళ్లో సిమెంటు రోడ్డో, కాలేజీ గ్రౌండో చూసుకోవాలి.

జ్వరాల సీజను కూడా అదే. మెడ కింద ఏ బాధ ఉన్నా, అంటే జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో దగ్గు, పరుగు బంద్. డెంగీ అయితే డాక్టరు సరేననే దాకా షూ వంక చూడొద్దు. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తే అలవాటు మన ఊళ్లలో చాలామందికి ఉంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీల మీద దెబ్బకొడతాయి. పోటీ ముందు రాత్రి గానీ, పొద్దున గానీ వీటి జోలికి పోకండి. నొప్పి వల్ల అడుగు తీరు మారిందంటే, కుంటు వచ్చిందంటే, ఆ రోజుకు పరుగు అయిపోయినట్టే.

ఉక్క, చెమట, ఉప్పు

తీరం వాళ్లకు అసలు శత్రువు ఎండ ఒక్కటే కాదు, ఉక్క. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలోనే తేమ నిండి ఉంటే చెమట కారుతుంది గానీ ఆరదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరినా బనియన్ పిండితే నీళ్లు కారేది అందుకే. ఆ నెలల్లో కిలోమీటరుకు అర నిమిషం నెమ్మదిగా సాగితే మీలో లోపం ఉందని కాదు. డిసెంబరు వచ్చేసరికి అదే శ్రమకు వేగం దానంతటదే పెరుగుతుంది. జీపీఎస్ వాచీలో పేస్ (కిలోమీటరుకు పట్టే టైము) చూసి పరిగెత్తకుండా ఊపిరిని బట్టి పరిగెత్తడం ఈ రెండు నెలల్లోనే నేర్చుకోవాలి.

మీకెంత చెమట పోతుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బట్టల్లేకుండా బరువు చూసుకోండి. గంట పరిగెత్తండి, ఎన్ని నీళ్లు తాగారో గుర్తుపెట్టుకోండి. ఒళ్లు తుడుచుకుని మళ్లీ బరువు చూడండి. ముందు 68.0 కిలోలు, తర్వాత 67.2, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగారనుకుంటే గంటకు 1.1 లీటరు చెమట పోయినట్టు. అక్టోబరులో ఒకసారి, డిసెంబరు ఆఖర్లో ఒకసారి చూడండి, రెండు లెక్కలకు తేడా ఉంటుంది. పోయినదంతా తిరిగి తాగాలని లేదు, కడుపు పట్టదు. దాహాన్ని బట్టి గంటకు 400 నుంచి 800 మిల్లీలీటర్లు చాలామందికి సరిపోతుంది.

తక్కువ తాగితే ప్రమాదమని అందరికీ తెలుసు. ఎక్కువ తాగినా ప్రమాదమే. నాలుగైదు గంటలు పరిగెత్తేవాళ్లు కనపడిన ప్రతిచోటా వట్టి నీళ్లు తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వికారం, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం దాని గుర్తులు. పరుగు తర్వాత బరువు పెరిగిందంటే అక్కర్లేనన్ని తాగారని అర్థం.

దారిలో తాగడానికి లీటరు నీళ్లలో చదునుగా నాలుగు టేబుల్ స్పూన్ల చక్కెర, పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ రసం. చక్కెర దాదాపు 50 గ్రాములు, ఉప్పు ఒకటిన్నర గ్రాము. దీని రుచి కాస్త ఉప్పగా తగలాలి, పానకంలా తీపెక్కితే కడుపులో తిప్పుతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద మాత్రమే ఆధారపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. విరేచనాలకు అది సరిగ్గా సరిపోతుంది, పరుగుకు ఉప్పందుతుంది గానీ శక్తి అందదు. ఆ పేరు తగిలించుకుని టెట్రాప్యాకుల్లో అమ్మిన పళ్లరసాలు దానికి పూర్తిగా ఎదురు: చక్కెరే ఎక్కువ, ఉప్పు చాలదు.

తిండి

ఒంట్లో దాచిన పిండిపదార్థం ముప్పై కిలోమీటర్ల దాకా లాక్కొస్తుంది. అక్కడ ఒక్కసారిగా కాళ్లు బరువెక్కి, కళ్లు బైర్లు కమ్మేది అది అడుగంటినందుకే. కాబట్టి ఆకలి కాకముందే, మొదటి అరగంట దాటగానే తినడం మొదలుపెట్టి గంటకు 40 నుంచి 50 గ్రాముల పిండిపదార్థం లోపలికి పంపాలి. పైన చెప్పిన నిమ్మనీళ్లు అర లీటరులో 25 గ్రాములొస్తాయి. చిన్న ఖర్జూరాలు నాలుగు తింటే ఇంకో 20కి పైగా. గింజలు ముందే తీసేసి, జిప్ కవరులో వేసుకోండి. చీకట్లో పరిగెడుతూ గింజ ఊయడం, అది గొంతుకు అడ్డం పడడం అక్కర్లేని తంటా. పల్లీ చిక్కీ రుచిగానే ఉంటుంది గానీ కొవ్వు వల్ల నెమ్మదిగా అరుగుతుంది, నమలడానికి ఊపిరి చాలదు. జెల్ (పరుగులో చప్పరించే తీపి గుజ్జు ప్యాకెట్) వాడదలిస్తే ఒక్కోదాంట్లో 20 నుంచి 25 గ్రాములుంటుంది, వెంట నీళ్లు తప్పనిసరి. ఏది తిన్నా కనీసం మూడు లాంగ్ రన్లలో తిని చూసి ఉండాలి. పోటీ రోజున స్టాలులో ఎవరో ఇచ్చారని కొత్త జెల్ చప్పరించినవాళ్లు చాలామంది ఆ తర్వాత చెట్లచాటు వెతుక్కుంటారు.

సంక్రాంతి సరిగ్గా పోటీకి పది పదిహేను రోజుల ముందు పడుతుంది. దూరం తగ్గిస్తున్న వారాలు, ఆకలి మాత్రం తగ్గదు, ఇంటి నిండా అరిసెలు. రెండు అరిసెలకు కొంపేం మునగదు. రోజూ నాలుగేసి చొప్పున వారం సాగితే మాత్రం పోటీ నాటికి అదనపు బరువు మోస్తారు.

పోటీకి ముందు రెండు రోజులు అన్నం పెంచి, పప్పు, ఆకుకూర, పీచు తగ్గించండి. ముందు రాత్రి ఏడు గంటలకల్లా పెరుగన్నమో, కారం లేని చారన్నమో. నెల్లూరు చేపల పులుసు ఆ రాత్రికి వద్దు, పరుగయ్యాక ఎలాగూ ఉంది. పొద్దున బయలుదేరే రెండు గంటల ముందు మూడు ఇడ్లీలు చక్కెరతో, ఒక అరటిపండు. చట్నీ వద్దు. కాఫీ అలవాటుంటే తాగండి, లేకపోతే ఆ రోజు మొదలుపెట్టొద్దు.

పోటీ రోజు

జనవరి ఆఖర్లో నెల్లూరు దగ్గర సూర్యోదయం ఆరున్నర దాటాక. ఐదింటికి పరుగు మొదలైతే గంటన్నర చీకటే. చిన్న ఊళ్ల పోటీల్లో కట్ట మీద దీపాలుండవు, హెడ్‌ల్యాంప్ మీరే తెచ్చుకోవాలి. దాన్ని పది పన్నెండు అడుగుల దూరం నేల కనపడేలా వంచండి. మరీ దూరం పెడితే కాళ్ల కింది గుంత కనపడదు. పాములు ఆ వేళకు దారి మీదుంటాయి, గడ్డి అంచులకు పోకండి. డెల్టా కాలువలు పడమటి నుంచి తూర్పుకు పారతాయి కాబట్టి సముద్రం వైపు వెళ్లే కోర్సులో ఏడింటికి ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. ముందుకు అంచున్న టోపీ పెట్టుకోండి.

నాలుగు గంటల్లో ముగించేవాళ్లు తొమ్మిదికల్లా బయటపడతారు. ఐదున్నర గంటలు పట్టేవాళ్లు పదిన్నర దాకా ఎండలో ఉంటారు. నీళ్లూ నీడా ఎక్కువ కావాల్సింది వెనకవాళ్లకే, నీళ్ల టేబుళ్లు ఖాళీ అయ్యేదీ వాళ్లు వచ్చేసరికే. అందుకని నెమ్మదిగా పరిగెత్తేవాళ్లు అర లీటరు సీసాలు రెండు నడుముకు కట్టుకుని దిగాలి. నీళ్ల ప్యాకెట్ ఇస్తే మూల మాత్రం కొరికి సగం తాగి సగం మెడ వెనక పోసుకోండి. కవరు కాలువలోకి విసరకండి, కింద కయ్యలకు పారేది ఆ నీళ్లే.

టైము అంచనాకు హాఫ్ మారథాన్ టైమును 2.085తో గుణించడం వాడుకలో ఉంది. 2 గంటల 10 నిమిషాల హాఫ్ వాళ్లకు 4 గంటల 31 నిమిషాలొస్తుంది. మొదటి మారథాన్‌కు, అదీ మన ఉక్కలో, దానికి ఇంకో 15 నిమిషాలు కలిపి పెట్టుకోండి. నాలుగున్నర గంటలంటే కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్లు, ఐదు గంటలంటే 7 నిమిషాల 7 సెకన్లు. మొదటి 10 కిలోమీటర్లు దానికన్నా 10 నుంచి 15 సెకన్లు నెమ్మదిగా పోవాలి. జనం దాటిపోతుంటే పోనివ్వండి. చెట్ల కింద వాచీ దూరం తప్పు చూపిస్తుంది, కొలిచిన కోర్సులో కూడా చివరికి 42.5 చూపించడం మామూలే. కిలోమీటరు రాళ్లు నమ్మదగ్గవి అయితే వాటి దగ్గర టైము చూసుకోండి, వాచీ పేస్ కాదు.

తొడల మధ్య, చంకల్లో, మగవాళ్లకు చనుమొనల మీద వాజలిన్ మందంగా రాయాలి. కొబ్బరినూనె గంటలో ఇంకిపోతుంది. సాక్సు నూలువి వద్దు, తడిసి ముడతపడి బొబ్బలొస్తాయి. షూ మామూలుకన్నా అర సైజు నుంచి ఒక సైజు పెద్దది, అప్పటికే వంద కిలోమీటర్లన్నా తిరిగినది.

పక్కన పరిగెత్తేవాళ్లు తూలుతున్నా, అడిగినదానికి పొంతనలేని జవాబు చెబుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చి తల మీద, మెడ మీద, ఒళ్లంతా నీళ్లు పోస్తూ 108కు ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా చల్లబరచడం ఆపొద్దు. స్పృహ సరిగ్గా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికి లాగుడు వస్తే అక్కడే ఆగాలి. మెడల్ వచ్చే ఏడాదైనా వస్తుంది.

గీత దాటాక

దాటగానే కూలబడొద్దు. కాళ్లలో చేరిన రక్తం పైకి రాక కళ్లు తిరుగుతాయి. పది నిమిషాలు నడిచి, ఉప్పు వేసిన మజ్జిగ రెండు గ్లాసులు, అరగంటలో పొంగలో, పెరుగన్నమో తినండి. ఇంటికి బైకు మీరు నడపకండి, మధ్యలో పిక్క పట్టేస్తే బ్రేకు నొక్కలేరు. రెండు మూడు రోజులు మెట్లు దిగడం కష్టంగా ఉంటుంది, వెనక్కి తిరిగి దిగితే కాస్త నయం. మొదటి వారం నడక మాత్రమే. రెండో వారం 4, 5 కిలోమీటర్ల చొప్పున మూడుసార్లు నెమ్మదిగా. ఒంటికి ఓపికొచ్చినా ఎముకలకు, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులకు ఇంకా టైము కావాలి, మూడో వారం దాకా వేగం జోలికి పోవద్దు. నల్లబడిన గోటిని పీకకండి, కింద కొత్తది వచ్చాక దానంతటదే ఊడిపోతుంది. కింద రక్తం చేరి సలుపుతుంటే మాత్రం సూదితో ఇంట్లో పొడవకుండా డాక్టరుకు చూపించండి.